మా ఆవిడ కేజీ రాయి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్లో బ్యాగులు తనిఖీ చేసే అమ్మాయికి మా ఆవిడ పేరు తెలియదు గానీ ఆవిడ సంచీ బాగా తెలుసు. మొదటిసారి ఆ సంచీ మిషన్లోకి వెళ్లినప్పుడు తెర మీద నల్లటి దిమ్మ ఒకటి కనబడింది. బెల్టు ఆగిపోయింది. ఇంకో ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు పరుగున వచ్చారు.

“ఏందమ్మా గిది?”

“కేజీ రాయి.”

“మెట్రోల రాయెందుకమ్మా?”

“రైతు బజారుకి వెళ్తున్నాను కాబట్టి,” అంది మా ఆవిడ, ఇంతకన్నా తెలివితక్కువ ప్రశ్న ఇంకోటి ఉంటుందా అన్నట్టు.

నేను నాలుగడుగుల దూరంలో నిలబడి, గోడకున్న రైలు పటాన్ని శ్రద్ధగా చదువుతున్నాను. ఆవిడ ఎవరో, నేనెవరో. కానీ ఇందిర ఊరుకుంటుందా? “ఏమండీ, మీరు చెప్పండి వీళ్లకి!” అని కేకేసింది. చెప్పాను. బీమా ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని, ఎంతటివాళ్లకో ఎన్నో నచ్చజెప్పాను గానీ, పెళ్లాం సంచిలో ఇనుప రాయి ఎందుకుందో నచ్చజెప్పడం అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

ఇందిరాదేవి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. నలభై ఏళ్లు కాపురం చేసినవాడిగా ఆ హక్కు నాకుందని నేనే అనుకుని రాస్తున్నాను.

రాయి అంటున్నాను గానీ అది రాయి కాదు, ఆరు పలకల ఇనుప దిమ్మ. అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి తూనికలు, కొలతల శాఖ వాళ్లు ముద్ర కొడతారు. మా మామగారు గంగాధరరావు గారికి రేపల్లెలో కిరాణా కొట్టుండేది. ఎనభై ఆరులో ఆయన పోయాక కొట్టు ఎత్తేశారు. పెద్ద బావమరిది గల్లాపెట్టె తీసుకున్నాడు, చిన్న బావమరిది చెక్క బీరువా తీసుకున్నాడు. నీకేం కావాలమ్మా అని అడిగితే ఇందిర ఈ కేజీ రాయి చూపించింది. అన్నలిద్దరూ నవ్వారట. నాకైతే అప్పుడు నవ్వు రాలేదు, ఎందుకంటే రేపల్లె నుంచి హైదరాబాదు దాకా దాన్ని మోసింది నేను.

మామగారి కొట్లో కొసరు లేదు. “తూకం సరిగ్గా ఉంటే కొసరెందుకు? కొసరడిగాడంటే నా తూకాన్ని అనుమానించినట్టే,” అనేవారట. ఇందిరదీ అదే పట్టు. కూరగాయలు కొన్నాక ఆడవాళ్లందరూ ఓ పచ్చిమిరపకాయో, కొత్తిమీర కట్టో ఊరికే వేయించుకుని సంచి మూస్తారు కదా, మా ఆవిడ కరివేపాకు కూడా కొనుక్కుంటుంది. ఊరికే ఇస్తే తీసుకోదు. “మా నాన్న కూతుర్ని” అంటుంది. ఆ మాటన్నాక ఇంట్లో ఇంక చర్చలుండవు.

ప్రతి దసరాకీ ఆయుధపూజ నాడు ఊళ్లో అందరూ స్కూటర్లు, కార్లు కడిగితే మా ఇంట్లో రాయికి పసుపు, గంధం, కుంకుమ. తుప్పు పడుతుందేమోనని రెండేళ్లకోసారి దానికి రంగు కూడా వేయిస్తుంది. వేసేది నేనే. ఒకసారి నలుపు, ఒకసారి వెండిరంగు, ఇంట్లో ఏది మిగిలితే అది.

పదకొండేళ్లుగా ఆదివారం పొద్దున్నే ఎల్‌బీ నగర్ వైపున్న రైతు బజారుకి వెళ్లడం మా ఆనవాయితీ. మెట్రో రాకముందు బస్సులో వెళ్లేవాళ్లం. అక్కడ ఎలక్ట్రానిక్ కాటాలు. ఇందిర ఏ దుకాణం ముందైనా ఆగగానే ముందు సంచిలోంచి రాయి తీసి కాటా మీద పెడుతుంది. కాటా వెయ్యి గ్రాములు చూపించాలి కదా? చూపించదు. ఇంకా ఎక్కువే చూపిస్తుంది.

“చూశారా? కేజీని కేజీకన్నా ఎక్కువ చూపిస్తోందంటే, మనకిచ్చే కేజీలో అంత తగ్గినట్టే కదా!”

లెక్క తప్పని ఎవరంటారు? మొదట్లో పాతిక గ్రాములు ఎక్కువ చూపించేవి. రెండు మూడేళ్లకి ముప్ఫై అయింది. ఈమధ్య నలభై దాటింది. “మోసం ఏటేటా పెరిగిపోతోందండీ,” అని బాధపడేది ఇందిర. ఒకసారి నేను నోరు జారాను.

“ఇందిరా, ఒక్క కాటా తప్పు చూపిస్తే సరే. బజార్లో ఉన్న కాటాలన్నీ ఒకే లెక్కన తప్పు చూపిస్తున్నాయి. ఏమంటావ్?”

“అంటే అందరూ కుమ్మక్కయ్యారన్నమాట,” అంది. నేను సంచి పట్టుకుని వెనకాల నడిచాను.

రాయి పెట్టగానే దుకాణాల వాళ్లు విసుక్కునేవారు. విసుక్కోనిది ఒక్కతే, పద్నాలుగో నంబరు దుకాణం స్వరూపరాణి. బడంగ్‌పేట్ దాటాక ఎకరంన్నర పొలం ఉంది వాళ్లకి. చుట్టూ ప్లాట్లు వెలిసినా ఆ ఎకరంన్నరలో ఆమే, ఆమె భర్త బక్కయ్య, కోడలు సుమలత బెండ, వంగ, టమాట, ఆకుకూరలు పండిస్తారు. మా ఆవిడ రాయి కాటా మీద పెట్టడం, స్వరూప అంకె చూడడం, అంకె ఎంతుంటే అంత వచ్చేదాకా వంకాయలు వేస్తూపోవడం. “ఇంకో రెండు ఎయ్యాల్నా అమ్మా?” అని ఆమే అడిగేది. ఒక్కసారి కూడా మాట తూలలేదు. “బజారు మొత్తానికి నిజాయితీ ఉన్నది ఈ ఒక్క మనిషికే,” అని ఇందిర తీర్మానించేసింది. మనసులో ఇంత అభిమానం ఉన్నా, రాయి పెట్టడం మాత్రం మానేది కాదు.

మొన్న వర్షాకాలంలో ఒక ఆదివారం స్వరూప రాలేదు. డ్రిప్పు పైపుల సబ్సిడీ కాగితాల పని మీద ఉద్యానశాఖ ఆఫీసరు పొలం చూడ్డానికొస్తున్నాడని ఇంటి దగ్గరే ఉండిపోయింది. దుకాణంలో కోడలు సుమలత కూర్చుంది. డిగ్రీ చదివిన పిల్ల. బెండకాయలు వేసింది, కాటా వెయ్యి చూపించింది, పిల్ల చెయ్యి ఆపేసింది.

ఇందిర రాయి తీసి పెట్టింది. వెయ్యీ నలభై ఒకటి.

“ఇంకా నలభై ఒక్క గ్రాములు వెయ్యాలమ్మా.”

“కిలో అయింది కద మేడమ్?”

“మీ కాటా తప్పు చూపిస్తోంది. మీ అత్తగారు ఎప్పుడూ వేస్తుంది.”

సుమలత కాటా వైపు చూసింది, రాయి వైపు చూసింది. “మా కాటకు ముద్రున్నది మేడమ్. మీ రాయినే జర ఏడనన్న సూపించుకోరి.”

అయిపోయింది. కాటాని అన్నా, బెండకాయల్ని అన్నా ఇందిర ఊరుకునేదేమో. మామగారి రాయిని అంది. బెండకాయలు అక్కడే వదిలేసి తిన్నగా బజారు ఆఫీసుకు నడిచి, రెండు పేజీల ఫిర్యాదు రాసింది. కార్బన్ పేపరు సంచిలోనే ఉంటుంది ఆవిడకి. ఒక కాపీ ఆఫీసుకి, ఒకటి తూనికల శాఖకి, ఒకటి మా ఇంటి ఫైలుకి.

రెండు రోజులకి నాకు ఫోనొచ్చింది. చేసింది రైతు బజారు ఎస్టేట్ ఆఫీసరు యోగేందర్. పొద్దున ఆరింటికే వచ్చి, రైతులతో మాట్లాడి, బోర్డు మీద ఆ రోజు ధరలు రాయించి, మైకులో చదివేది ఆయనే. బజార్లో అమ్ముకునే కార్డులు పంట పండించేవాళ్లకే దక్కాలని పొలాల గట్ల మీద తిరిగి చూసి వచ్చే మనిషి. స్వరూపకి కార్డు ఇప్పించిందీ, కూరగాయల గంపలు బస్సులో వేసుకోవడానికి కండక్టర్లతో మాట్లాడి ఒప్పించిందీ ఆయనే.

“సార్, మేడమ్ ఫిర్యాదు తప్పని నేననను,” అన్నాడు. “కొనేటోళ్లు అడుగుతనే బజార్ మంచిగుంటది. కాని సార్, ఇది స్వరూపరాణి మీద మూడోది. ఒకసారి ధరల పలక పెట్టలేదని, ఒకసారి కాటకు ముద్ర ఆలస్యంగ ఏయించిందని, రెండు నోటీసులున్నయి. మా దగ్గర మూడోదైతే కార్డు కమిటీ ముందుకు పోతది. తూకం మోసం అని తేలితే కార్డు రద్దే.”

“రద్దయితే?”

“ఏముంటది సార్, పండినకాడికి తీస్కపోయి మండీల దళారికి ఏసుడు, ఆయన చెప్పిన రేటుకు. గా బక్కయ్య ఇప్పటికే పొలం ప్లాట్లకిద్దామని ఒక్కటే గోల. కార్డున్నదని ఆమె ఆపుకుంట వస్తున్నది.”

ఆ సాయంత్రం కాఫీ తాగుతుంటే ఇందిరకి అంతా చెప్పాను. విని, “మోసం మోసమేనండీ,” అంది. కానీ కాఫీ సగంలో వదిలేసి లేచిపోయింది. ఇందిర కాఫీ వదిలేసిందంటే విషయం తీవ్రమైనదే. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ రాయి మీద అనుకుంటాను.

ఆదివారం పదింటికి తూనికల శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చింది. సుజన అని, ముప్ఫై ఏళ్లుంటాయేమో, మాట తక్కువ మనిషి. చిన్న చెక్కపెట్టెలో పచ్చటి ఇత్తడి తూకాలు మెత్తటి గుడ్డలో పడుకోబెట్టి తెచ్చింది. వాటిని చేత్తో కూడా ముట్టుకోదు, చిన్న పటకారుతో తీస్తుంది. ఇందిర ముఖంలో గౌరవం కనబడింది. తూకాన్ని ఇంత శ్రద్ధగా చూసే మనిషిని మా మామగారి తర్వాత ఈమెనే చూసిందేమో.

పద్నాలుగో నంబరు ముందు జనం మూగారు. స్వరూప కొంగు బిగించి నిలబడింది. పక్కన సుమలత. ఇన్‌స్పెక్టరు ఇత్తడి కేజీ కాటా మీద పెట్టింది. వెయ్యి. అర కేజీ పెట్టింది. అయిదు వందలు. రెండు కేజీలు, వంద గ్రాములు, అన్నీ సరిగ్గా చూపించింది.

“కాట సరిగ్గున్నది,” అంది సుజన.

“ఈ వారంలో బాగుచేయించుకుని ఉంటారు,” అంది ఇందిర.

“కావచ్చు మేడమ్. పోయిన ఆదివారం ఎట్లున్నదో నేను చెప్పలేను. రిపోర్టుల ఇయ్యాల సరిగ్గున్నదని రాస్త, మీ ఫిర్యాదు కూడ జతచేస్త. ఏది నమ్మాల్నో కమిటీ చూసుకుంటది.” తర్వాత సంచి వైపు చూసి, “మీ రాయి ఇస్తరా? దాన్ని తూస్తె ఇప్పుడే తేలిపోతది,” అంది.

ఇందిర సంచిని గుండెకి హత్తుకుంది. అంతవరకూ ఆ రాయి అందరినీ పరీక్షించింది గానీ, దాన్ని పరీక్షిస్తానన్న మనిషి ఇదే మొదలు. ఆవిడ ముఖం చూస్తే నాకు అర్థమైంది. ఇది తప్పయితే కాటా ఒకటే కాదు, రేపల్లెలో ముప్ఫై ఏళ్ల కొట్టు, మామగారి మాట, “మా నాన్న కూతుర్ని” అన్న గర్వం, అన్నీ తప్పవుతాయి. ఇందిరా, ఇవ్వొద్దు, ఇంటికి పోదాం అని నోటిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణంలో స్వరూప కార్డు గుర్తులేదు.

స్వరూప గుర్తుచేసింది. అప్పటిదాకా ఊరుకున్న మనిషికి ఒక్కసారిగా గొంతు లేచింది.

“అమ్మా, పదకొండేండ్ల సంది మీరొచ్చి నా కాట మీద రాయి పెడ్తున్నరు. ఒక్కపారన్న వద్దన్ననా? ఒక్క మాటన్న అన్ననా? ఇయ్యాల నా కార్డు పోతున్నది. మీ రాయి ఒక్కపారి కాట మీద పెట్టనీకి మీకెందుకమ్మ గింత కష్టం?”

ఇందిర సంచిలో చెయ్యి పెట్టి రాయి తీసింది. ఇన్‌స్పెక్టరు చేతికివ్వలేదు, తనే కాటా మీద పెట్టింది.

వెయ్యీ నలభై ఒకటి.

సుజన దాన్ని తలకిందులు చేసి చూసింది. ముద్ర ఉండాల్సిన గుంట కనబడలేదు. అడుగంతా చదునుగా, నల్లగా ఉంది. గోరుతో గీకింది. నల్లరంగు పెచ్చు లేచింది. దాని కింద వెండిరంగు. దాని కింద పసుపు.

“ఏం పూసిండ్రు మేడమ్ దీనికి?”

“పసుపు,” అంది ఇందిర చిన్నగా. “గంధం, కుంకుమ. దసరాకి.”

“పైన రంగు?”

“రెండేళ్లకోసారి... ఈయన వేస్తారు.”

జనమంతా నా వైపు చూశారు. ఆ మహాపాపంలో నాకూ సగం వాటా ఉందని అప్పుడే తెలిసింది నాకు.

“ఇది మీ సొంతది, నేను గీకలేను,” అంది సుజన. “మీరొప్పుకుంటే...”

ఇందిర స్వరూప వైపు చెయ్యి చాపింది. స్వరూప అర్థం చేసుకుని గుమ్మడికాయ కోసే కత్తి అందించింది. పద్నాలుగో నంబరు ముందు గోనెపట్టా మీద కూర్చుని, ముప్ఫై ఎనిమిది దసరాల పూజని మా ఆవిడ తన చేత్తో గీకడం మొదలుపెట్టింది. నలుపు, వెండి, పసుపు, ఎరుపు, మళ్లీ నలుపు. పెచ్చులు పెచ్చులుగా రాలాయి. గుంటలో మైనం గట్టిపడి ఉంది. దాన్ని పొడిస్తే లోపల్నుంచి ఒక పాత అర్ధరూపాయి బిళ్ల ఊడిపడింది.

“ఇది నేనే పెట్టాను,” అంది బిళ్ల చూస్తూ. “నాన్న పోయాక మొదటి దసరాకి. శుభమని పెట్టి మైనం పోశాను. మర్చేపోయాను.”

బిళ్ల కింద సీసం, సీసం మీద ముద్ర. కొంచెం అరిగినా అంకెలు తెలుస్తున్నాయి. సుజన రాయిని గుడ్డతో తుడిచి కాటా మీద పెట్టింది. మేమంతా అంకె వైపు వంగాం.

తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

“ఒక్క గ్రాము అరుగుదల. అది రూల్స్‌ల ఒప్పుకుంటరు,” అంది సుజన. “మీ నాన్నగారి తూకం పక్కాగ ఉన్నది మేడమ్.”

ఇందిర కళ్లనీళ్లు పెట్టుకుంది. “మా నాన్న తూకం సరిగ్గానే ఉంది. నేనే పూజలు చేసి పాడుచేశాను,” అంది. తర్వాత లేచి, చీర దులుపుకుని, ఎవరినీ అడక్కుండా యోగేందర్ మైకు దగ్గరికి నడిచింది. ధరలు చదివే ఆ మైకులో బజారంతా ఆవిడ గొంతు వినబడింది.

“పద్నాలుగో నంబరు కాటా సరైనది. ఇవాళే కాదు, పోయిన ఆదివారం కూడా. పదకొండేళ్లుగా తప్పు నాది. నా పేరు ఇందిరాదేవి, మాది దిల్‌సుఖ్‌నగర్.”

ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాసింది, ఇందిర ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఇంకో పేజీ రాసింది. కార్బన్ పెట్టడం మాత్రం మరవలేదు. యోగేందర్ రెండూ చదివి, “ఇంక కమిటీ దాక పోదు స్వరూపా, పోయి అమ్ముకో,” అన్నాడు. సుమలత అత్తగారి భుజం పట్టుకుంది. స్వరూప గంపలో పాలకూర కట్టలు అక్కర్లేకుండానే మూడుసార్లు సర్దింది.

వెళ్లేముందు ఇందిర ఆమె దగ్గర ఆగింది. “నీ కాటా సరిగ్గానే ఉందని నీకు తెలుసు కదా స్వరూపా? మరి ఇన్నేళ్లు ఎక్కువ ఎందుకు వేశావు? ఒక్కమాట చెప్పొచ్చు కదా!”

స్వరూప ఆ రోజు మొదటిసారి నవ్వింది. “నేనేమనుకున్ననంటే అమ్మా, మీకు కొసరు అడగనీకి సిగ్గు. అందుకే రాయి తెస్తున్నరనుకున్న. పెద్దింటామె, సిగ్గుపడ్తున్నదిలే, నేనే ఏద్దామని ఏసిన.”

నాకు నవ్వు ఆగలేదు. కరివేపాకు కూడా కొనుక్కునే గంగాధరరావు గారి కూతురు పదకొండేళ్లు వారం వారం కొసరు తెచ్చుకుందన్నమాట! ఇందిర నా వైపు ఒక చూపు చూసింది. స్టేషన్ దాకా నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది.

రాయికి కొత్త ముద్ర వేయించింది. ఇప్పుడది మా ఇంట్లో లేదు, యోగేందర్ గదిలో కాటా పక్కన ఉంది. తూకం మీద అనుమానం ఉన్నవాళ్లెవరైనా అక్కడ చూసుకోవచ్చు. దానికి పసుపు రాయకూడదని ఇందిరే ఒక చీటీ అంటించి వచ్చింది. మెట్రోలో తనిఖీ చేసే అమ్మాయి మాత్రం దిగులుపడింది. “రాయేదమ్మా ఇయ్యాల?” అంది.

ఆ తర్వాతి ఆదివారం పద్నాలుగో నంబరు ముందు నిలబడ్డాం. ఇందిర వంకాయలు ఏరి ఇచ్చింది. స్వరూప తూచింది. కాటా సరిగ్గా వెయ్యి చూపించింది. స్వరూప చెయ్యి అలవాటుగా గంప మీదికి వెళ్లి, ఇందిర ముఖం చూసి, వెనక్కొచ్చింది. తూచిన వంకాయలు సంచిలో పోసింది.

మా ఆవిడ కదల్లేదు. సంచి నోరు తెరిచి పట్టుకుని అలాగే నిలబడింది.

“ఏందమ్మా?” అంది స్వరూప.

ఇందిర అటూ ఇటూ చూసింది. నా వైపు అసలు చూడలేదు. అరవై నాలుగేళ్ల మనిషి చెవులదాకా ఎర్రబడిపోయి, మెల్లగా అంది:

“కొసరు వెయ్యవూ?”